ఊ కొట్టే ఊరు

మొదటి రోజు

ఈ రోజు మా నాలుగో సొరంగంలో ఊ కొట్టిన గొంతులు రెండు వందల తొమ్మిది. ఉన్న గొంతులు రెండు వందల పన్నెండు. మూడు తక్కువ.

ఆ లెక్క హాజరు పట్టీ ముందువైపు సర్దారు కోసం రాశాను. ఇది వెనకవైపు. ఇక్కడ రాసేది నా కోసం. ఓదెలు తిరిగి వచ్చాక చదువుకుని నవ్వుకోవడానికి.

ఓదెలు నా భర్త. పదకొండో సొరంగంలో ఉన్నాడు. దాని తలుపు ఆయన వెనక మూసుకుని పదకొండు నెలలైంది. అక్కడ ఊ వినే పెట్టెలు లేవు. పెట్టె లేని మనిషిని ఎవరూ లెక్కపెట్టరు.

సర్దారు మొండయ్య పొద్దున్నే వచ్చాడు. ఎప్పుడూ గడప అవతలే నిలబడి మాట్లాడే మనిషి ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

“సరోజనక్కా, కాపరి దయతలిచిండు. నీ సొరంగంల లెక్క నింపు. ఒక మండలం, నలభై పొద్దులు. నిండినంక మళ్ల ఒక్క గొంతు తగ్గొద్దు. నలభయ్యో పొద్దు ఓదెలన్న ఇంటికొస్తడు.”

“ఎవరన్నరు?”

“పైనుంచి అన్నరు.”

పైన అంటే నేల మీద కాదు. నేల మీద ఎండకు మనిషి నిలవలేకే కదా, తవ్వి వదిలేసిన బొగ్గు సొరంగాల్లోకి మా అమ్మానాన్నల తరం మమ్మల్ని దింపింది. పైన అంటే మమ్మల్ని ఏలే కాపరి ఉండే గది.

మొండయ్య పోయాక ఓదెలు చాప దులిపి పరిచాను. నలభై రోజులు ముందే పరచడం తెలివితక్కువ పని అని తెలుసు. అయినా పరిచాను.

రెండో రోజు

రెండో గంట కొట్టగానే పనంతా ఆగిపోతుంది. ప్రతి ఇంటి పెట్టెలోనూ కాపరి అరగంట మాట్లాడతాడు. నాలుగు మాటలు చెప్పి ఆగుతాడు, మేం ఊ కొడతాం. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: “అందరం సుఖంగా ఉన్నాం కదా?” హాజరు ఆ చివరి ఊకే. ఇంట్లో ఎందరుంటే పెట్టె మీద అన్ని దీపాలు. ఎవరి గొంతు పలికితే వాళ్ళ దీపం వెలిగి, నేను వచ్చి రాసుకునేదాకా ఆరకుండా ఉంటుంది.

ఇళ్ళల్లో కథలు చెప్పుకోవడం ఎప్పుడో మాన్పించారు. ఇంట్లో కథ నడిస్తే ఆ ఊలు కూడా పెట్టెలో పడి లెక్క తప్పుతుందట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పేవాడు ఒక్కడే మిగిలాడు కాబట్టి లోకువ అందరికీ సమానంగా అందింది.

మా ఇంట్లో మాత్రం కథ ఆగలేదు. ఓదెలు పెట్టె మీద దుప్పటి కప్పి చెప్పేవాడు. నేను పెదాలు కదపకుండా, ముక్కుతోనే ఊ కొట్టేదాన్ని. అంత చిన్న ఊ ఇంకెవరికీ వినపడదు. ఆయనకు వినపడేది.

తక్కువైన మూడు గొంతులూ రాజవ్వ ఇంటివే. రాజవ్వ, కూతురు చంద్రకళ, నాలుగేళ్ళ మనవరాలు నీల. వెళ్ళి అడిగాను.

“ఎందుకవ్వా నోరు మూసుకుంటున్నవ్?”

“నాకు వాన చూడాలని ఉంది బిడ్డా. అది దొరికినంక ఊ కొడ్త.”

వాన ఎక్కడినుంచి తేను? రెండు రోజులు మూగగా ఉన్న ఇంటివాళ్ళ పేర్లు రాసివ్వాలని నియమం. రాసిచ్చాను.

ఐదో రోజు

రాజవ్వ ఇంటికి గాలి తగ్గించారు. ఒక గంటే. ఆ గంటలో ఆమె దగ్గు సొరంగం చివరిదాకా వినిపించింది. నేను నా ఇంట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోముకున్నాను.

ఈ రోజు లెక్క రెండు వందల పన్నెండు. నిండింది. సంతోషించాను. సంతోషించానని రాయడానికి సిగ్గుగా ఉంది కానీ వెనకవైపు కూడా అబద్ధం రాస్తే ఇంక రాయడం దేనికి?

తొమ్మిదో రోజు

నీల నన్ను చూసి తల్లి చెంగు చాటుకు పోయింది. నాకు ఈ ఊళ్ళో ఎప్పుడూ అంత పెద్ద పేరు లేదు. ‘ఊలమ్మ వచ్చింది’ అంటున్నారట.

వాళ్ళకు ఒకటి చెప్పాలనిపిస్తుంది. ఈ కాపరిని మా నెత్తిన ఎవరూ పెట్టలేదు. మేమే పెట్టుకున్నాం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. కరెంటు పోయి, రాళ్ళు పడి, సొరంగాలు ఒకదానికొకటి తెగిపోయాయి. పందొమ్మిది రోజులు చీకటి. అప్పుడు పాత టెలిఫోను తీగ మీద ఒక గొంతు వచ్చింది. “బతికున్నోళ్లు ఊ కొట్టండ్రి” అంది. కొట్టాను. నా పక్కన మా అమ్మ కొట్టలేదు. అలా తెలిసింది ఆవిడ పోయిందని. ఆ గొంతు నన్ను ఏడవనిచ్చి, తర్వాత కథ మొదలుపెట్టింది. మధ్యమధ్య అడిగేది, ఆకలైతుందా, దెబ్బలు తాకినయా అని. ఊ అన్నవాళ్ళకు సందుల్లోంచి రొట్టెలు, మందు చేర్చారు. ఊహూ అన్నవాళ్ళ వంతు పక్కవాళ్ళకు పోయింది.

ఆ గొంతు కాపరిదే. ఆ తీగ కలిపి, సొరంగాలకు గాలి పంపే ఫ్యాన్‌హౌస్ యంత్రానికి మా గొంతులు నేర్పిన లైన్‌మన్ ఓదెలు. వెలుగు వచ్చాక నా గొంతు వెతుక్కుంటూ వచ్చాడు. “ఊ అన్నది నువ్వేనా?” అని అడిగాడు. ఊ అన్నాను. మా పెళ్ళిచూపులు అంతే.

తర్వాత ఊరంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. సొరంగాల తలుపులూ గాలీ ఊరు ఎవరికి ఊ కొడుతుందో ఆ గొంతుకే లోబడాలి. ఓదెలు యంత్రానికి అదే నేర్పాడు. ఎంత న్యాయంగా అనిపించిందో. ఊ కొట్టకపోతే గాలి తగ్గించే రోజు వస్తుందని మాకెవరికీ తట్టలేదు. దీపాల పెట్టెలు తర్వాత వచ్చాయి, కాపరి మనుషులు చేసినవి.

ఇప్పటికీ ఆ గొంతు పెట్టెలో మొదలైనప్పుడు, మొదటి మాటకు నా ఒంట్లో భయం తగ్గుతుంది. రెండో మాటకు ఒళ్ళు మండుతుంది. రెండూ నిజమే.

పదహారో రోజు

లెక్క నిండుగానే ఉంది. తలుపులే బద్ధకిస్తున్నాయి.

కాపరి మాట అంటే ఇదివరకు తలుపు రెప్పపాటులో జరిగేది. ఇప్పుడు పది లెక్కపెట్టేదాకా కదలదు. మొండయ్య కంగారు పడుతున్నాడు. “యంత్రం ఒకటికి రెండుసార్లు అడిగి చూసుకుంటదట అక్కా. పాతదైపోయిందేమో.” ఆ యంత్రాన్ని బాగుచేయగలిగిన ఒక్క మనిషినీ మీరే తలుపు వెనక పెట్టారు అన్నాను. నోరు జారింది. మొండయ్య వినలేదన్నట్టు గోడకేసి చూశాడు. మంచివాడే. మంచివాళ్ళు లేకపోతే ఈ ఊరు ఇన్నాళ్ళు ఇలా నడిచేది కాదు.

ఇరవై నాలుగో రోజు

చాప మీద దుమ్ము పడింది. దులిపాను.

ఓదెలు చేసిన నేరం ఏమిటో ఇక్కడ రాసిపెడతాను. ఒకప్పుడు ఏడో సొరంగం వాళ్ళు నెల రోజులు నోరు విప్పలేదు. అయినా తలుపులు కాపరి మాట వింటూనే ఉన్నాయి. కాపరి పెట్టెలో నవ్వి, మౌనం అర్ధాంగీకారం అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. నిరుడు పందొమ్మిది రోజుల సంస్మరణ సభలో కూడా అన్నాడు. అప్పుడు ఓదెలు లేచి నిలబడ్డాడు.

“నోరు మూసుకుంటే అర్ధాంగీకారం. మంచిదే. మరి ఊహూ అంటే ఏమైతది?”

జనం నవ్వారు. కాపరి నవ్వలేదు.

ఆ సాయంత్రం పెట్టె మీద దుప్పటి కప్పి ఓదెలు కథ చెబుతున్నాడు. పొయ్యి ఆరిపోతే నిప్పు అడిగి తేవడానికి పోయిన పిల్ల కథ. ఆరిళ్ళు తిరిగింది, ఆరిళ్ళలోనూ పొయ్యిలు చల్లారిపోయాయి. ఏడో ఇంటి తలుపు మూసి ఉంది. “చెయ్యెత్తి తలుపు కొట్టింది” అన్నాడు. ఊ అన్నాను. మా తలుపు కొట్టారు.

ఆయన లేస్తూ, “కంచికి చేరలే. గుర్తుపెట్టుకో” అన్నాడు. గుర్తుపెట్టుకోవడం తప్ప ఏం చేస్తున్నాను ఇన్నాళ్ళూ? తలుపు తీసింది ఎవరు? లోపల నిప్పు ఉందా? ఇంత చిన్న సంగతి తెలియక ఒక ఆడమనిషి పదకొండు నెలలు నిద్రపోలేదంటే ఎవరైనా నవ్వుతారు.

ముప్పై ఒకటో రోజు

ఈ రోజు తొందరగా తిరగడం మొదలుపెట్టి, చివరి ప్రశ్న వేళకు రాజవ్వ ఇంట్లో ఉన్నాను. నా ఊ రాసుకునేది నేనే కాబట్టి అడిగేవాళ్ళు లేరు. చంద్రకళ నీలకు జావ తాగిస్తోంది. నీల మూతి బిగించింది.

పెట్టె అడిగింది, “అందరం సుఖంగా ఉన్నాం కదా?”

“ఊహూ” అంది నీల, గరిటె తోసేస్తూ. దీపం వెలిగింది.

నవ్వు వచ్చింది. అదేం పెట్టె! ముందు ఊ చెవిన పడితే చాలు, తర్వాత హూ ఉన్నా దానికి పట్టదు. నవ్వుతూ రాజవ్వ వైపు చూశాను. ఆమె నా మొహంలోకి సూటిగా చూస్తూ, తీరిగ్గా, “ఊహూ” అంది. ఆమె దీపం కూడా వెలిగింది. చంద్రకళదీ అంతే.

“అవ్వా, ఏమంటున్నవ్?”

“ఆయన అడిగిండు, నేను చెప్పిన. సుఖంగ ఉన్నవా అంటే లేను అన్న. అబద్ధమాడాల్నా?”

“ఎప్పటిసంది?”

“నువ్వు గాలి తగ్గిపిచ్చినకాడికెల్లి. ఊకుంటే నువ్వు రాస్తివి. ఊ అందామంటే నోరు రాకపాయె. మీ ఆయన సభల అడగలే? ఊహూ అంటే ఏమైతదని. ఎవ్వరు జవాబు చెప్పకపోతిరి. నేనే చూద్దామనుకున్న.”

అప్పుడు అర్థమైంది. దీపాల పెట్టెకు ఊ ఒక్కటే వచ్చు. కానీ అదే తీగ మీద వినే ఫ్యాన్‌హౌస్ యంత్రం చీకటి రోజుల్లో చదువుకుంది. ఆకలి ఎవరికి ఉందో ఎవరికి లేదో తెలియడానికి ఓదెలు దానికి రెండూ నేర్పాడు. మూగవాళ్ళను అది లెక్కలోకి తీసుకోదు. ఊలనూ ఊహూలనూ తూచి చూస్తుంది. తలుపులు అందుకే తటపటాయిస్తున్నాయి.

ముప్పై నాలుగో రోజు

మూడు రోజులుగా ఇళ్ళ బయట నిలబడి చెవి ఒగ్గి విన్నాను. పది ఇళ్ళలో ఆరిళ్ళు ఊహూ. ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఒకరు మోకాళ్ళ నొప్పికి, ఒకరు చచ్చిపోయిన కొడుకు కోసం, ఒకావిడ ఊరికే, మొగుడి మీద కోపానికి. ఎవరి బాధ వాళ్ళది. నిజంగా ఊ కొట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన్ని ఇప్పటికీ ప్రేమించే ముసలివాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేను.

ఈ సొరంగంలో అందరికంటే గట్టిగా, స్పష్టంగా ఊ కొట్టేది మాత్రం నేనే. ప్రేమతో కాదు, భయంతో కూడా కాదు. ఒక మనిషి ఇంటికి రావాలని. కాపరిని నిలబెట్టింది సైన్యం అనుకునేదాన్ని. చేతికి పట్టీలు కట్టిన యాభై మందిని సైన్యం అంటే సైన్యానికే నవ్వొస్తుంది. ఆయన్ని నిలబెట్టింది నాలాంటివాళ్ళ ఆశ. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కొక్క ప్రాణాన్ని తలుపు వెనక పెట్టాడు, అంతే.

ముప్పై ఎనిమిదో రోజు

మొండయ్య కాగితం తెచ్చాడు. తలుపులు ఇప్పుడు నలభై లెక్కపెట్టేదాకా కదలడం లేదు.

“ఎవరో ఏదో చేస్తున్నరు అక్కా. పేరు ఒక్కటి రాసియ్యి. నలభయ్యో పొద్దు దాక ఆగుడు కూడ అక్కర్లే. రేపే ఓదెలన్న వస్తడు.”

రేపే. ఆ మాట చెవిలో పడ్డాక నాకు ఇంకేమీ వినిపించలేదు. కాగితం ముందు పెట్టుకుని మూడో గంట దాకా కూర్చున్నాను. ‘రా’ అని రాశాను. ఒక్క అక్షరం. రాజవ్వ పేరు అలాగే మొదలవుతుంది. ఓదెలును పిలవాలన్నా అదే అక్షరం. రా.

ఆమె దగ్గు గుర్తొచ్చింది. నేను గిన్నెలతో చేసిన చప్పుడు కూడా. కాగితం నమిలి మింగాను. మొండయ్యకు ఎవరి పేరూ తెలియలేదని చెప్పాను.

నలభయ్యో రోజు

లెక్క రెండు వందల పన్నెండు. తలకు పోసుకుని, ఆయనకు ఇష్టమైన పెసరపప్పు వండి కూర్చున్నాను.

మొండయ్య గడప అవతలే నిలబడ్డాడు. అప్పుడే తెలిసిపోయింది.

“ఇంకొక్క మండలం అన్నరు అక్కా.”

“మొండయ్యా, ఆయనను పంపకపోతే మానె. తలుపు కాడికి పిలిపిచ్చి ఒక్కసారి ఊ అనిపియ్యి. అవతలికెల్లి వింట. అది చాలు ఇంకో మండలం బతకనీకె.”

అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు. అలాగే వెళ్ళిపోయాడు.

నలభై ఒకటో రోజు

“అందరం సుఖంగా ఉన్నాం కదా?”

సుఖంగానా? పప్పు పులిసిపోయింది. చాప మీద రెండోవైపు ఖాళీ. నా మనిషి ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో తెలియదు. కథలో పిల్ల ఇంకా ఆ తలుపు ముందే నిలబడి ఉంది.

“ఊహూ” అన్నాను. ఏడాది దాటాక నేను చెప్పిన మొదటి నిజం. దీపం వెలిగింది. లెక్క నిండింది. ముందువైపు రెండు వందల పన్నెండు అని రాశాను.

నలభై మూడో రోజు

కాపరి మాటల మధ్యలో ఆగి, “నాలుగో సొరంగం తలుపు మూయి” అని ఆజ్ఞ ఇచ్చాడు. మమ్మల్ని అందరినీ ఒక్కసారే మూసేయాలని కాబోలు. తలుపు కదల్లేదు. యంత్రం తూకంలో ఊహూలు ఊలను దాటినట్టున్నాయి. మళ్ళీ అన్నాడు. మూడోసారి అన్నప్పుడు ఆయన గొంతులో ముసలితనం వినిపించింది.

పెట్టెలు కాసేపు గరగరలాడాయి. తర్వాత, “వింటున్నరా?” అన్నాడు. మునుపటిలాగే, చీకట్లో అడిగినట్టే. “బతికున్నోళ్లు ఊ కొట్టండ్రి.”

నా గొంతులో ఊ లేచింది. అది ఇరవై ఏళ్ళ పిల్ల ఊ. మింగేశాను. ఎక్కడా ఎవరూ పలకలేదు. ఆయన మీద జాలి వేసింది, అదీ రాస్తున్నాను.

పదకొండో సొరంగం తలుపు దగ్గరికి పరుగెత్తాం. మొండయ్య నా కంటే ముందే అక్కడ ఉన్నాడు, చేతి పట్టీ తీసేసి. నలుగురం పట్టి చక్రం తిప్పాం. తిరిగింది.

లోపలికి పోయినవాళ్ళు ముప్పై ఒక్కరు. బయటికి వచ్చినవాళ్ళు ఇరవై నలుగురు. ప్రతి మొహాన్నీ దగ్గరగా దీపం పెట్టి చూశాను. చివరగా వచ్చినవాడు కొంరయ్య, ఏడో సొరంగం మనిషి. ఆయన నా చేతిలో దీపం తీసుకుని కింద పెట్టాడు.

“సరోజన నువ్వేనా? ఓదెలు పోయి అయిదు నెలలైతుంది చెల్లె. దగ్గుతోని పోయిండు. తలుపు కొట్టి చెప్పినం. బయటికెల్లి సరే అన్నరు.”

మొండయ్య గోడకు తల ఆనించి, “నాకు తెలుసు అక్కా. చెప్పొద్దన్నరు” అన్నాడు.

అయిదు నెలలు. లేని మనిషి కోసం ఒక మండలం ఊ కొట్టించాను. లేని మనిషి కోసం రాజవ్వకు గాలి తగ్గించాను. ఆయన దగ్గుతోనే పోయాడట.

కొంరయ్య ఇంకో మాట అన్నాడు. “దినాం కథలు చెప్పెటోడు. ఒక్కటి మాత్రం ఎంత బతిలాడినా చెప్పకపాయె. నిప్పుకు పోయిన పిల్లది. అది మా ఇంటిది, సగం అయింది, ఆమె ఊ కొట్టాలె అన్నడు.”

నలభై ఆరో రోజు

రెండో గంట కొట్టింది. అలవాటు చావదు కదా, అందరూ పనులు ఆపేసి సొరంగం మధ్యలోకి వచ్చి కూర్చున్నారు. పెట్టెల్లో చప్పుడు లేదు. కాపరి తన గదిలోనే ఉన్నాడు. ఎవరూ తాళం వేయలేదు. భోజనం పంపుతున్నాం.

రాజవ్వ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఆమెకు చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. చెప్పేలోపే నా చేయి పట్టుకుంది.

“ఓదెలు కథ నువ్వు చెప్పు బిడ్డా. ఊ మేం కొడ్తం.”

చెప్పాను. పొయ్యి ఆరిపోయింది అన్నాను. ఊ అన్నారు. మొదటి ఇల్లు, రెండో ఇల్లు. అలవాటుగా లెక్కపెట్టాను, రెండు వందల పదకొండు. ఒకటి ఎందుకు తక్కువైందా అని మళ్ళీ లెక్కపెట్టబోయాను. చెప్పేదాన్ని నేనే కదా అని తర్వాత గుర్తొచ్చింది.

“ఏడో ఇంటి ముందు నిలబడి, చెయ్యెత్తి తలుపు కొట్టింది” అన్నాను.

ఊ అన్నారు. ఆగాను. ఇంతమంది ఊలో ఆయనది లేదు. ఇక్కడి నుంచి చెప్పాల్సింది ఆయన, ఊ కొట్టాల్సింది నేను.

నీల మోకాళ్ళ మీద పాకుతూ నా దగ్గరికి వచ్చింది.

“తలుపు తీసిండ్రా?”

“ఊహూ” అన్నాను.